పూత ఎప్పుడొస్తుందో అడిగి మొక్క కొనండి

వేసవి సెలవులకి మా చిన్నమ్మాయి కూతురు విశాఖపట్నం నించి మాచ్‌ఖండ్ వస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చింది. మూత తీస్తే ఎరుపుకీ నలుపుకీ మధ్య రంగులో నిగనిగలాడే గుండ్రటి పళ్ళు. "తాతా, ఇవి నిజం చెర్రీలు" అంది.

నిజం అన్న మాట ఎందుకు నొక్కిందో నాకు తెలుసు. పోయినేడు దాని పుట్టినరోజు కేకు మీది ఎర్ర పండు చూపించి చెర్రీ అంటే, "అది చెర్రీ కాదే అమ్మా, వాక్కాయ" అని ఏడిపించేను. మీరూ తెలుసుకోండి. బేకరీల్లో, కిళ్ళీ కొట్లలో చవగ్గా దొరికే ఎర్ర చెర్రీ చాలామట్టుకు మన డొంకల్లో కాసే వాక్కాయే. గింజ తీసీసి, పంచదార పాకంలో ఊరేసి, రంగు కలుపుతారు. పప్పులో వేసుకునే కాయ పట్నం వెళ్ళి పేరు మార్చుకుంది, అంతే.

ఈ డబ్బాలోవి మాత్రం నిజం చెర్రీలే. హిమాచల్ నించి వచ్చేయట. ధర కూడా చెప్పింది గాని ఇక్కడ రాయను, మన లైన్లలో చదివినవాళ్ళకి ఆ పూట అన్నం సయించదు. తలా నాలుగు తిన్నాం. తీపీ పులుపూ కలిసి బాగానే ఉన్నాయి. పిల్ల గింజలన్నీ ఏరి కాగితంలో పొట్లం కట్టి, "పెరట్లో పాతుదాం తాతా, మనకీ కాస్తాయి" అంది.

కాయవమ్మా అన్నాను. ఎందుకు కాయవు అంది. దానికి జవాబు చెప్పబోయి మామిడి సంగతిలోకి దిగిపోయేను. ఈ నెల కబురు కూడా అలాగే నడుస్తుంది, ఓపిక పట్టండి.

నా చదువు అయిదో తరగతి. చెర్రీ గురించి నాకు తెలిసింది మా తోడల్లుడి కొడుకు చెప్పింది కొంత, వాడి చేత చదివించుకుని విన్నది కొంత. వాడు పట్టాళంలో ఉండగా కాశ్మీరులో మూడేళ్ళు చేసేడు. అక్కడ చెర్రీల్లో మిశ్రీ అని, డబుల్ అని, మఖ్మలి అని మనకి మామిడిలో ఉన్నట్టే రకాలున్నాయి. ఆ చెట్టుకి చలికాలం ఆకంతా రాలిపోవాలి. రాలి నిద్రపోవాలి. ఏడు డిగ్రీల లోపు చలి ఇంచుమించు వెయ్యి గంటలు తగిలితే గాని మొగ్గ మేలుకోదు. రకాన్ని బట్టి కొంచెం ఎక్కువా తక్కువా. మన మాచ్‌ఖండ్‌లో పుష్యమాసం తెల్లారగట్ల పళ్ళు టకటకలాడతాయి నిజమే, కాని తొమ్మిది గంటలకి ఎండెక్కితే స్వెట్టరు తీసీవలసిందే. ఆ చలి మనకి చలి గాని చెర్రీకి లెక్కలోకి రాదు.

ఇంకో తిరకాసు ఉంది. చెర్రీల్లో చాలా రకాలకి తన పువ్వు పుప్పొడి తనకి పనికిరాదు. పక్కన వేరే రకం ఉండాలి, అదీ అదే వారంలో పూయాలి. పూసినా సరిపోదు, రెంటికీ పొత్తు కుదరాలి. అమెరికాలో బింగ్ అని పేరుమోసిన చెర్రీ ఉంది. 1870ల్లో ఆరెగాన్ అనే రాష్ట్రంలో ఒక తోటలో పుట్టింది. ఆ తోటలో పనిచేసిన చైనా మేస్త్రీ పేరు బింగ్, ఆయన పేరే పండుకి పెట్టేరని చెప్తారు. కూలి పేరు మీద పండు నిలిచిందంటే నాకు ముచ్చటేసింది. ఆ బింగుకీ, లాంబర్ట్, నెపోలియన్ అనే మరో రెండు రకాలకీ ఒకదాని పుప్పొడి ఒకదానికి పనికిరాదు. మూడూ ఒకే తోటలో ఒక్కసారి తెల్లగా విరగబూసినా కాయ నిలవదు. చివరికి కెనడాలో స్టెల్లా అనే రకం తయారుచేసేరు, 1968లో పేరు పెట్టి బయటికి వదిలేరు. దానికి తోడు అక్కర్లేదు, తన పుప్పొడితో తనే కాస్తుంది.

మూడో తిరకాసు వాన. పండు తయారయ్యేక వాన పడితే నీళ్ళు పీల్చుకుని తోలు చిట్లిపోతుంది. పైగా చెర్రీ కోసేక పండదు, చెట్టు మీద ఎంత తీపి ఎక్కితే అంతే. అందుకని తొందరపడి ముందే కోసుకోడానికీ లేదు. పెద్ద తోటలవాళ్ళు పళ్ళ మీది తడి దులపడానికి హెలికాప్టరు తిప్పించుకుంటారట. నేను నమ్మలేదు, పిల్ల ఫోనులో చూపించింది.

ఇదంతా విని పిల్ల అడిగింది, "అయితే చెర్రీ మంచిదా కాదా చెప్పాలంటే పండు కాదు, పువ్వు చూడాలన్నమాట". తొమ్మిదేళ్ళ గుంట అన్న మాట నాకు తెలియడానికి అయిదేళ్ళు పట్టింది, అది కూడా మేక నేర్పితే.

మేక సంగతికి ముందు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. టిటాగఢ్ నించి ఒక చెల్లెమ్మ రాసింది. ఆవిడ భర్త జూట్ మిల్లులో ఈ ఏడు రిటైరవుతున్నాడు. సాలూరు నించి ఘాటెక్కి సుంకి దాటేక, కొండ మీద అత్తవారిది ఎకరం చెక్క ఉంది. గ్రాట్యుటీ వచ్చిన డబ్బులో కొంత పెట్టి మామిడి వేద్దామని ఉన్నారు. మరిది మొత్తం బంగినపల్లి వెయ్యమంటున్నాడు, బజార్లో దానికే ధర అని. "ఏ రకం మంచిదో చెప్పు అన్నా, ఈ డబ్బు పోతే మళ్ళీ రాదు" అని రాసింది.

ఆఖరి మాట దగ్గర కాగితం మడత పెట్టీసి కాసేపు ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు జనప పీచు దుమ్ము పీల్చి తెచ్చుకున్న డబ్బు అది. నాదీ అదే డబ్బు కదా.

ఏది మంచిది అంటే మిల్లులో పనిచేసినవాడు ఎవడైనా ముందు "దేనికి?" అని అడుగుతాడు. గోనెసంచీకి సరిపోయే పీచు హెస్సియన్ గుడ్డకి సరిపోదు. బేచింగులో పీచు ఏరే ముసలాళ్ళు చేత్తో లాగి చూసి, వేళ్ళ మధ్య రాసి చూసి ఇది దీనికి, అది దానికి అని విడదీసేవారు. మామిడికి కూడా అలాగే అడగాలి. ఎక్కడ వేస్తావు, ఎవరు తింటారు, ఎంత దూరం పంపిస్తావు. కొండ మీద అయితే వీటన్నిటికన్నా ముందు అడగవలసింది, పూత ఏ నెలలో వస్తుంది?

మా చెట్టు కథ చెప్తాను. మా మిల్లు మూతపడ్డాక నేనూ మా ఇంటిదీ మాచ్‌ఖండ్ వచ్చి పెద్దమ్మాయి దగ్గర ఉండిపోయేం. అల్లుడు కరెంటు ప్రాజెక్టులో పని. 1955లో మొదలైన పవర్‌హౌసు అది, అప్పటినించీ మనవాళ్ళు ఈ కొండ మీద ఉన్నారు, తెలుగు మాట వినబడని వీధి లేదు. వచ్చేటప్పుడు మా ఇంటిది కొత్తవలస వైపు నించి ఒక సువర్ణరేఖ అంటు తెచ్చింది. కిరండూల్ పాసింజరులో, సొరంగం తరవాత సొరంగం, మట్టిముద్దతో సహా ఆ మొక్కని ఒళ్ళో పెట్టుకునే కూచుంది. సామాను సీటు కింద పెట్టింది గాని దాన్ని పెట్టలేదు. ఇంటి వెనక పాతింది. మూడో ఏడు మొదటి పూత చూసింది. కాయ చూడకుండానే పోయింది.

ఆ తరవాత ప్రతి ఏడూ ఒకటే వరస. నెలగంట పెట్టిన వారం పది రోజుల్లో చెట్టు కొనలన్నీ ఎరుపు తిరిగి పూత. సంక్రాంతికి చెట్టు కనబడదు, పూతే కనబడుతుంది. వీధిలోవాళ్ళు ఆగి చూసేవారు. మాఘమాసానికి వచ్చేసరికి పూత నల్లబడి, దులిపితే పొడిలా రాలేది. శనగగింజంత పిందెలు వచ్చేవి. కొన్ని గోళీకాయంత అయ్యేవి గాని చీరి చూస్తే లోపల టెంక ఉండేది కాదు, పసుపు తిరిగి రాలిపోయేవి. చెట్టంతటికీ పది పదిహేను కాయలు దక్కితే గొప్ప. అయిదేళ్ళు అలాగే. నేల మంచిది కాదన్నారు, ఎరువు వేసేను. నీళ్ళు చాలలేదన్నారు, పోసేను. దిష్టి అన్నారు, చెప్పు కట్టేను. ఆఖరికి అల్లుడు, తప్పుగా అనలేదు పాపం, "మావయ్యా, ఇది గొడ్డు చెట్టు, కొట్టించీసి ఆ జాగాలో రేకుల షెడ్డు వేద్దాం" అన్నాడు. నాకు కాదనడానికి ఏ కారణమూ లేదు, ఉన్న కారణం పైకి చెప్పుకునేది కాదు.

ఆ ఏడు సంక్రాంతి ముందు పక్కింటి మేక కట్టు తెంపుకుని వచ్చి కింది కొమ్మల పూతంతా అందినంత మేర మేసీసింది. ఎలాగూ కొట్టీసే చెట్టు కదా అని నేనూ అరవలేదు. నెల తిరిగేసరికి, మేక కొరికిన కొనల పక్కనించి చిన్న చిన్న మొగ్గలు పొడిచి మళ్ళీ పూత వచ్చింది. శివరాత్రికి విప్పింది. పై కొమ్మల మొదటి పూత ఎప్పట్లాగే మాడిపోయింది. కింది కొమ్మలకి మాత్రం పిందె నిలిచింది. మేక అందుకున్న ఎత్తు దాకా కాయలు, ఆ పైన ఖాళీ. తాడు పెట్టి గీత గీసినట్టు.

ఉద్యానశాఖలో చేసి రిటైరైన ఒకాయన మా కాలనీలో ఉన్నారు. చూపిస్తే నవ్వి విషయం చెప్పేరు. మామిడి పూత పుట్టడానికి చలిరాత్రులు కావాలి. కాని పువ్వు విప్పేక అంత చలి ఉండకూడదు. పదిహేను డిగ్రీల కన్నా కిందకి పోతే పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు. ఇంకా చల్లగా ఉంటే పుప్పొడి పుట్టుకలోనే పాడవుతుంది. మామిడికి పుప్పొడి మోసేవి ముఖ్యంగా ఈగలు, చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు. మంచు కమ్మిన పొద్దున్న ఈగ తిరగదు. పుప్పొడి అందని పువ్వు ఒక్కోసారి పిందె కడుతుంది గాని లోపల టెంక లేక నాలుగురోజులు ఉబ్బి రాలిపోతుంది. నేను గోళీకాయలు అన్నవి అవే. దానికి తోడు మంచులో బూడిద తెగులు పూతకి పట్టి తెల్లటి పొడిలా కప్పీస్తుంది. సువర్ణరేఖ ముందు పూసే రకం. కింద విజయనగరం వైపు ఆ నెలలో రాత్రులు ఇంత చల్లగా ఉండవు, అక్కడ దానికి ఇబ్బంది లేదు. కొండెక్కిస్తే అదే గుణం దాని కొంప ముంచుతుంది.

ఆ మర్నాటి ఏడు మేక పని నేనే చేసేను. నిచ్చెన వేసుకుని, విప్పని పూతని సగం చెట్టుకి గిల్లీసేను. మళ్ళీ పూసింది, నిలిచింది. ఆ పై ఏడు కూడా చేసేను గాని ఎండలు తొందరగా ముదిరి, పూతకి బదులు ఆకు చిగురు వచ్చింది. కాబట్టి ఇది ప్రతి ఏడూ పనిచేసే మంత్రం అనుకోకండి. గిల్లేక ఇంకా కొన్నాళ్ళు చలి మిగిలి ఉంటేనే పక్క మొగ్గ పూతగా మారుతుంది. చెట్టు మాత్రం ఉంది. షెడ్డు ముందువైపు వేసుకున్నాం.

అప్పటినించీ కాలనీలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఎప్పుడు పిందె పట్టింది, పండు ఎలా ఉంది అని ఒక పాత హాజరు పుస్తకంలో రాసుకుంటున్నాను. చెల్లెమ్మకి చెప్పేది అందులోంచే.

ముందు మరిది మెచ్చిన బంగినపల్లి. రాయలసీమలో బనగానపల్లె దాని ఊరు, 2017లో దానికి సర్కారు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. పీచు లేదు, తోలు పల్చన, కండ గట్టిగా ఉంటుంది, బుట్టలో నాలుగు రోజులు ప్రయాణం చేసినా చెడదు. పండు వరకే చూస్తే వంక పెట్టడానికి లేదు. కాని ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గించే గుణం ఉంది. మా కాలనీలో నాలుగు చెట్లున్నాయి. సువర్ణరేఖ కన్నా కొంచెం వెనక పూస్తాయి, సగం పూత మంచులో పోతుంది, సగం దక్కుతుంది. కాయ పరువానికి వచ్చేసరికి కింద మైదానంలో బంగినపల్లి అయిపోవస్తుంది. బజార్లో పోటీ తక్కువ, అది మంచిదే. కాని అప్పటికి ఇక్కడ వానలు దగ్గరపడతాయి. తడిసిన కాయ మీద నల్ల మచ్చలు, పండు ఈగ కుట్టిన చుక్కలు. పైకి బాగున్న కాయ కోస్తే లోపల పురుగు. షావుకారు ఒక్క కాయ కోసి చూసి గంపకి గంప ధర తగ్గిస్తాడు.

సువర్ణరేఖ చెప్పేను. పచ్చటి పండు మీద బుగ్గ ఎర్రబడ్డట్టు ఉంటుంది, ఒడియావాళ్ళు సుందరి అంటారు. మన విశాఖ, శ్రీకాకుళం వైపు పుట్టిందే. దాని ధరంతా తొందరగా బజారుకి రావడంలో ఉంది. కొండ మీద ఆ తొందర ఉండదు. ఇంటికి ఒకటి చాలు.

ఆమ్రపాలి, మల్లిక అని రెండున్నాయి. ఉత్తరాదివాళ్ళ దసేరీకీ మన దక్షిణాది నీలానికీ ఢిల్లీలో పూసా సంస్థవాళ్ళు పెళ్ళి చేస్తే పుట్టిన పిల్లలు. దసేరీ తల్లి, నీలం తండ్రి అయితే ఆమ్రపాలి. నీలం తల్లి, దసేరీ తండ్రి అయితే మల్లిక. అమ్మానాన్నలని అటూ ఇటూ మార్చినందుకు చూడండి ఎంత తేడానో. ఆమ్రపాలి చెట్టు పొట్టి, పండు చిన్నది, కోస్తే కండ కాషాయం రంగు, తీపి గాఢం. మల్లిక పండు పెద్దది, పచ్చిగా పరువు చూసి కోసి గడ్డిలో ఓపిగ్గా మాగబెడితేనే దాని రుచి తేలుతుంది. తొందరపడి తిన్నవాళ్ళు చప్పన అని పేరు పెట్టేరు. రెండూ ఆలస్యంగా పూస్తాయి. ఆమ్రపాలి ఏటేటా కాస్తుంది. నా పుస్తకంలో శివరాత్రి దగ్గర "పూత, మంచు లేదు" అని రాసిన పేజీలు ఎక్కువ ఆమ్రపాలివే. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో నాబార్డు పథకం కింద గిరిజన కుటుంబాలకి మామిడి, జీడిమామిడి తోటలు వేయించేరు. వాటిలో ఆమ్రపాలి ఉన్న తోట చూసి రండి, నా మాట నమ్మక్కర్లేదు.

దాని తప్పు కూడా చెప్పాలి. ఆలస్యంగా పూసింది ఆలస్యంగానే పండుతుంది, అంటే పూర్తిగా వానలో. పూతలో దక్కించుకున్నది పండులో పోగొట్టుకోకూడదు అనుకుంటే ఈగకి బుడ్లు కట్టాలి, రాలిన పండు ఏ రోజుది ఆ రోజు ఏరి గోతిలో కప్పెట్టాలి. ముసలాళ్ళిద్దరే ఉండే ఇంట్లో ఈ పని బరువే, ముందే తెలుసుకోండి.

నీలం కూడా ఆలస్యమే. ఏటా కాస్తుంది, బాగా నిలవ ఉంటుంది. పైకి బెజ్జం కనబడకుండా టెంకలో పురుగు ఉండడం దాని ఖర్మ. కలెక్టరు, అదే తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీ దగ్గరున్న చిత్తూరువాళ్ళకి మేలు, మనకి ఉప్పూకారంతో తినడానికి ఒక చెట్టు చాలు. చెరుకురసం, చిన్నరసం, పెద్దరసం నాకు ప్రాణం. కాని రసం పండు సుంకి ఘాటు దిగేసరికి గంపలోనే రసమైపోతుంది.

ఒకే రకంతో తోట నింపకండి. చెర్రీకి చెప్పిన మాటే మామిడిలో కొన్నిటికీ వర్తిస్తుంది. దసేరీ, లంగ్రా, చౌసా తన పుప్పొడితో తను కాయవు. మిగతావాటికి కూడా పక్కన అదే సమయంలో పూసే ఇంకో రకం ఉంటే మేలే గాని చెరుపు లేదు. ఒక పూతగెలలో వందలు, వేలు పువ్వులుంటాయి, వాటిలో కాయ కట్టగలిగేవి కొన్నే, తక్కినవి మగపువ్వులు. రకాన్ని బట్టి నూటికి పదే ఉండొచ్చు, అరవై డెబ్బై కూడా ఉండొచ్చు. అంటే చెట్టు నిండా పూత చూసి మురిసిపోవడం మనిషి బట్టలు చూసి అప్పివ్వడం లాంటిది. పూత విప్పి ఉన్నప్పుడు మాత్రం పురుగుమందు కొట్టకండి, ఈగలు చస్తాయి. తేనెమంచు పురుగుకైనా, బూడిద తెగులుకి నీళ్ళలో కలిపే గంధకమైనా మొగ్గ దశలోనే.

మంచి పండు అంటే తీపి పండు అని మనం అనుకుంటాం. ఒనకడిల్లి గురువారం సంతలో ఒక గదబ ముసలమ్మ గుప్పెడంత నాటుమామిడి పళ్ళు అమ్ముతూంటే, పీచు, పులుపు, ఎవరు కొంటారమ్మా అన్నాను. ఆవిడ తన భాషలో చెప్పింది మా అల్లుడు తెలుగు చేసేడు. పండు పిల్లలకి, పచ్చికాయ ఎండబెట్టి ఏడాది పులుసుకి, టెంకలోని జీడి వానాకాలం అంబలికి. ఆవిడ లెక్కలో పెద్ద టెంక ఉన్నదే మంచి కాయ. మన బంగినపల్లి పల్చటి టెంక ఆవిడకి లోపం. ఆ జీడి ముక్కవాసన పట్టి బూజెక్కితే విషం. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ వైపు ఆ జీడి తిన్న తరవాత అనేకమంది చనిపోయేరు. ఇంట్లో బియ్యం ఉన్నవాడు బూజుపట్టిన జీడి జోలికి వెళ్ళడు. కొండమామిడిని చులకనగా మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి వీళ్ళ దగ్గర నేర్చుకున్నాను. చైత్ పరబ్ పండగ చేసి దేవతకి కొత్త మామిడి పెట్టేదాకా పరజావాళ్ళు, గదబవాళ్ళు కాయ ముట్టరు. మన కింది ఊళ్ళలో దొంగల భయం, ధర తొందర, లేత కాయ కోసి కార్బైడు పెట్టి పసుపు రంగు తెప్పించడం. కార్బైడు నిషేధం, అయినా మానరు. రంగు వస్తుంది గాని లేత కాయకి తీపి ఎక్కడినించి వస్తుంది? చెర్రీలా కాకుండా మామిడి కోసేక పండుతుంది, కాని పరువుకొచ్చిన కాయ అయితేనే. భుజాలు ఉబ్బి తొడిమ లోపలికి దిగినట్టు ఉండాలి. అనుమానంగా ఉంటే బాల్చీ నీళ్ళలో వెయ్యండి. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. తొడిమ కొంచెం ఉంచి కొయ్యండి, సొన కారితే కాయ మీద మచ్చ.

మొక్కలు కొనేటప్పటి మాట ఒకటి. నేను ఒకసారి పన్నెండు బంగినపల్లి అంటులని చెప్పిన ఒక నర్సరీలో కొన్నాను. అయిదేళ్ళు పెంచితే ఏడు చెట్లు నాటువి కాసేయి. కొంత వాళ్ళ మోసం, కొంత నా తెలివితక్కువ. అంటు కట్టిన ముడి కింద నించి వచ్చిన చిగురు నాటు మొక్కది. అది జోరుగా పెరుగుతూంటే బలంగా ఉందని నేనే నీళ్ళు పోసి పెంచేను, పైన కట్టిన బంగినపల్లి కొమ్మ చచ్చిపోయింది. ముడి కనబడని మొక్క కొనకండి. ముడి కింద చిగురు కనబడితే గోటితో గిల్లీండి. ఆకు నలిపి వాసన చూడడం కూడా అలవాటు చేసుకోండి, రకానికో వాసన.

చెల్లెమ్మా, ఎకరానికి ముప్పైమూడు అడుగులకి ఒకటి చొప్పున నలభై పడతాయి. నేనైతే సగం పైగా ఆమ్రపాలి, మల్లిక కలిపి వేస్తాను. ఆమ్రపాలి పొట్టి చెట్టు కాబట్టి ఇంకా దగ్గరగా కూడా వెయ్యొచ్చు. పది బంగినపల్లి, మరిది మాట కొట్టీకుండా. నీలం నాలుగైదు. ఇంటి పక్కన సువర్ణరేఖ ఒకటి. డబ్బంతా ఒకే ఏడు పెట్టకండి, సగం ఈ వానలకి, సగం వచ్చే వానలకి. పొట్టంగిలో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళ పరిశోధనా కేంద్రం ఉంది, మీ సుంకికి దగ్గరే. మీ ఆయన్ని ఒక పూట అక్కడికి పంపించి అడగమను, నా హాజరు పుస్తకం మాచ్‌ఖండ్ దాటదు.

నువ్వు రాయని సంగతులు రెండున్నాయి. చెక్క కొండవాలులో ఉందా, నీళ్ళు నిలిచే పల్లంలో ఉందా? పల్లంలో అయితే చల్లగాలి రాత్రంతా అక్కడే దిగి కూచుంటుంది, నేను పైన చెప్పిన లెక్క కూడా మారుతుంది. మీ అత్తగారిని అడుగు, నెలగంట రోజుల్లో ఆ పొలం మీద మంచు ఎన్ని గంటలకి విడిపోతుందో. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి పంపించు, మొక్కలు కొనకముందే.